ట్రాన్సిస్టరు పట్టుకుని వీధిలోకి వచ్చిన జనం



"రాజ్యం ఎవరేలితే మనకేమిటమ్మా, మన వంట మనకి తప్పుతుందా?" అని మనలో చాలామంది అంటూ వుంటాం. వంట తప్పదు, నిజమే. కాని పొయ్యి మీదికి ఎక్కే బియ్యం ధర ఎందుకు పెరిగిందో, పొరుగింటి కుర్రాణ్ణి రాత్రికి రాత్రి ఎవరు పట్టుకుపోయారో, మనం వేసిన ఓటు ఎవరి లెక్కలోకి వెళ్ళిందో మనకి తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి కదా! ఆ చెప్పేవాళ్ళ నోరు నొక్కేస్తే ఏమవుతుంది? మళ్ళీ ఆ నోరు విప్పడానికి ఎంతమంది ఎన్ని పాట్లు పడాలి? ఈ సంగతి ఫిలిప్పీన్స్ అనే దేశం కథ చెప్పుకుంటే బాగా తెలుస్తుంది. ఆ కథలో ఆడవాళ్ళ పాలు చాలా వుంది. అందుకే ఈవేళ దాన్ని ఎంచుకున్నాను.

ఫిలిప్పీన్స్ మనకి తూర్పుగా, పసిఫిక్ మహాసముద్రంలో వున్న దేశం. ఏడువేల పైచిలుకు దీవుల సముదాయం. రాజధాని మనీలా. మూడువందల ఏళ్ళకు పైగా స్పెయిన్ పాలనలోనూ, ఆ తర్వాత అమెరికా పాలనలోనూ వుండి, 1946లో స్వాతంత్ర్యం పొందింది. ఎన్నికలు, శాసనసభ, పత్రికలు అన్నీ వుండేవి. ముఖ్యంగా పత్రికలు ఎవరినీ ఖాతరు చేయకుండా రాసేవి.

1965లో ఫెర్డినాండ్ మార్కోస్ అధ్యక్షుడయ్యాడు. 1969లో మళ్ళీ గెలిచాడు. రాజ్యాంగం ప్రకారం ఆపైన దిగిపోవాలి. దిగడం ఆయనకి ఇష్టం లేకపోయింది. 1972 సెప్టెంబరులో దేశంలో మార్షల్ లా, అంటే సైనిక శాసనం, విధించాడు. ఆ మాట ఆయన టీవీలో జనానికి చెప్పకముందే జరిగిన పని ఒకటుంది. పత్రికల ఆఫీసులకూ, రేడియో స్టేషన్లకూ, టీవీ స్టేషన్లకూ సైనికులు వెళ్ళి తాళాలు వేశారు. పత్రికాధిపతుల్నీ, సంపాదకుల్నీ, విలేఖర్లనూ జైల్లో పెట్టారు. ప్రతిపక్ష నాయకుడు నినోయ్ అకినోని కూడా అప్పుడే పట్టుకున్నారు. తెల్లవారి రేడియో తిప్పితే గరగర తప్ప మాట లేదు. గుమ్మంలో పేపరు పడలేదు.

చూశారా, దొంగ ఇంట్లోకి దిగే ముందు దీపం ఆర్పుతాడు. ఏ దేశంలోనైనా ఇంతే. మన దేశంలో 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు ఢిల్లీలో పత్రికల అచ్చుయంత్రాలకి కరెంటు తీసేశారు. తర్వాత సెన్సారు వచ్చింది. సంపాదకీయం వుండవలసిన చోట తెల్లకాగితం వదిలి నిరసన తెలిపిన పత్రికలున్నాయి. మనకి ఆ చీకటి 21 నెలలు. ఫిలిప్పీన్స్ ప్రజలకి పధ్నాలుగేళ్ళు.

పత్రికలు అసలు లేకుండా పోయాయని కాదు. కొన్నాళ్ళకి కొన్నింటిని రానిచ్చారు. అయితే వాటి యజమానులు మార్కోస్ స్నేహితులు, బంధువులు. ఒక పెద్ద పత్రిక ఆయన భార్య ఇమెల్డా సోదరుడి చేతిలో వుండేది. వాటినిండా ప్రారంభోత్సవాలు, రిబ్బన్లు కత్తిరించడాలు, పొగడ్తలు. ఖైదు చేసినవాళ్ళ గురించి గాని, మాయమైపోయినవాళ్ళ గురించి గాని ఒక్క ముక్క వుండేది కాదు. 1981లో మార్షల్ లా ఎత్తివేశామన్నారు గాని, పగ్గాలు ఆయన చేతిలోనే వుండిపోయాయి.

ఇలాంటి చోట జనానికి నిజం తెలియదని మనం అనుకుంటాం. అది సగమే నిజం. ఎవరి కష్టం వాళ్ళకి తెలుసు. కొడుకుని పోగొట్టుకున్న తల్లికి తెలుసు. పొలం పోయిన రైతుకి తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే - తనలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది వున్నారన్నది. పక్కింటివాళ్ళు కూడా లోపల్లోపల ఇదే అనుకుంటున్నారా, లేక మనల్ని పట్టిస్తారా? గోడలకి చెవులుంటాయని ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుంటారు. నియంత బలమంతా ఆ వేసిన తలుపుల్లోనే వుంటుంది. వార్త చేసే మొదటి మేలు ఆ తలుపులు తెరిపించడం. "నువ్వొక్కదానివే కాదమ్మా, ఇంతమందిమి వున్నాం" అని అది చెబుతుంది.

ఆ పని అక్కడ ఎవరు మొదలుపెట్టారనుకున్నారు? చిన్న చిన్న పత్రికలు. పెద్ద పత్రికల పక్కన ఇవి దోమల్లాంటివని, కాని కుడతాయని, వాటికి దోమల పత్రికలని పేరొచ్చింది. 1977లో జోస్ బర్గోస్ అనే సంపాదకుడు 'వుయ్ ఫోరం' అనే పత్రిక పెట్టాడు. యుద్ధంలో సంపాదించానని మార్కోస్ చెప్పుకునే పతకాలు ఎంతవరకు నిజమైనవని అడుగుతూ అందులో వ్యాసాలు వేశాడు. 1982 డిసెంబరులో ఆ ఆఫీసు మీద దాడి చేసి, యంత్రాలు పట్టుకుపోయి, ఆయన్ని అరెస్టు చేశారు. ఆ సోదా వారెంట్లు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1984 డిసెంబరు వచ్చింది. ఆయన ఆ తీర్పు కోసం కాచుకు కూర్చోలేదు. 'మలయా' అనే ఇంకో పత్రిక నడిపాడు. మలయా అంటే వాళ్ళ భాషలో స్వేచ్ఛగా వున్నదని అర్థం.

ఇక ఆడవాళ్ళ సంగతి. మగ సంపాదకుల్లో పేరున్నవాళ్ళు జైలు చూసి వచ్చారు. ఆదివారం అనుబంధాల్లోనూ, కుటుంబ పత్రికల్లోనూ రాసే ఆడవాళ్ళని మొదట్లో ప్రభుత్వం అంతగా పట్టించుకోలేదు. వంటలు, చీరలు రాసుకుంటారులే అనుకున్నారు కాబోలు! వాళ్ళు ఆ పేజీల్లోంచే నిజాలు చెప్పడం మొదలుపెట్టారు. లెటీ మాగ్సానోక్ అనే ఆమె 1981లో మార్కోస్ పదవీ స్వీకారం గురించి కొంచెం కారంగా రాసినందుకు వారపత్రిక సంపాదకత్వం పోగొట్టుకుంది. ఇలాంటి రచయిత్రుల్ని కొందరిని సైనికాధికారులు పిలిపించి గంటల తరబడి ప్రశ్నలు వేశారు. వాళ్ళు భయపడి కలం మూయలేదు. 1983లో అందరూ కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. తీర్పు వచ్చేలోగానే ఆ విచారణలు ఆపేశామని అధికారులు చెప్పుకోవలసి వచ్చింది.

అదే ఏడు ఆగస్టు 21న అసలు మలుపు వచ్చింది. నినోయ్ అకినో ఏడేళ్ళకు పైగా జైల్లో వుండి, గుండె ఆపరేషన్ కోసం 1980లో అమెరికా వెళ్ళాడు. ప్రమాదమని తెలిసీ తిరిగి వచ్చాడు. విమానంలో తనవెంట విదేశీ విలేఖర్లని తెచ్చుకున్నాడు. ఆయన స్వయంగా చిన్న వయస్సులోనే కొరియా యుద్ధవార్తలు రాసిన విలేఖరి. సాక్షులు లేనిచోట ఏమైనా జరగవచ్చని ఆయనకి తెలుసు. మనీలాలో విమానం ఆగగానే సైనికులు ఆయన్ని కిందికి దింపారు. నేల మీద కాలు పెట్టేలోపునే తుపాకీ పేలింది. ఆయన అక్కడికక్కడే చనిపోయాడు.

ఆగస్టు 31న అంత్యక్రియలు. లక్షోపలక్షల జనం. ఊరేగింపు పది పన్నెండు గంటలు సాగింది. అంత పెద్ద వార్తని ప్రభుత్వ కనుసన్నల్లో నడిచే టీవీలు పట్టించుకోలేదు. ఒక్క రేడియో మాత్రం మొదటినుంచి చివరిదాకా ప్రసారం చేసింది. దాని పేరు రేడియో వెరిటాస్. కేథలిక్ చర్చి నడిపే స్టేషను. వెరిటాస్ అంటే లాటిన్‌లో సత్యం.

యుజీనియా అపోస్టల్ అనే ఆమె 'మిస్టర్ అండ్ మిస్' అని ఒక పత్రిక నడుపుతూ వుండేది. సరదా కబుర్లు, ఇంటి విషయాలు వేసే పత్రిక. పెద్ద పేపర్లు ఈ అంత్యక్రియలకి తగిన చోటు ఇవ్వకపోవడం చూసి ఆమె ఫోటోలతో ఒక ప్రత్యేక సంచిక అచ్చువేసింది. ఎన్ని వేసినా చాలలేదు. లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. ఆ ప్రత్యేక సంచిక వారంవారం రావడం మొదలెట్టింది. దాన్ని నడిపించడానికి పిలిచింది ఎవరిననుకున్నారు? ఉద్యోగం పోయిన లెటీ మాగ్సానోక్‌నే. 1985 డిసెంబరులో అపోస్టల్ 'ఇంక్వైరర్' అనే దినపత్రిక కూడా పెట్టింది. 2006లో ఆమెకి మాగ్సేసే అవార్డు ఇచ్చారు.

అచ్చువేయడానికి వీలు లేనివి కూడా జనానికి చేరుతూనే వున్నాయి. 1985లో కాలిఫోర్నియాలోని ఒక పత్రిక, మార్కోస్ దంపతులకీ, వారి మిత్రులకీ అమెరికాలో వున్న ఆస్తుల గుట్టు రట్టు చేసింది. ఆ కాగితాలు మనీలాలో జిరాక్సు తీసి ఒకరి చేతిలోంచి ఒకరికి పంచుకున్నారు. మనం పేరంటంలో పసుపు కుంకుమ పంచుకున్నట్టు!

ఇక ఎన్నికలు. తన మీద జనానికి నమ్మకం వుందని ప్రపంచానికి చూపించుకోవాలని మార్కోస్ 1986 ఫిబ్రవరి 7న ఎన్నిక పెట్టాడు. ఆయన మీద నిలబడింది నినోయ్ భార్య కొరాజోన్ అకినో. అందరూ కోరీ అంటారు. "నేను మామూలు గృహిణిని, నాకు అనుభవం లేదు" అని ఆవిడే ఒప్పుకునేది. అనుభవం లేని మాట నిజమే, దొంగతనం చేసిన అనుభవం కూడా లేదని జనం సంతోషించారు.

ఓట్ల లెక్క రెండుచోట్ల జరిగింది. ఒకటి ప్రభుత్వ ఎన్నికల సంఘం. రెండోది నామ్‌ఫ్రెల్ అనే పౌరుల సంస్థ. లక్షలమంది స్వచ్ఛంద సేవకులు పోలింగు కేంద్రాల దగ్గర కాపలా కాసి అంకెలు పంపేవారు. రేడియో వెరిటాస్ ఆ అంకెల్ని ఎప్పటికప్పుడు చదివేది. రెండు లెక్కలూ కలవలేదు. ఫిబ్రవరి 9 రాత్రి ఎన్నికల సంఘంలో కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్ళు ముప్పైమందికి పైగా, ఎక్కువమంది ఆడపిల్లలే, లేచి బయటికి నడిచారు. తాము ఎక్కిస్తున్న అంకెలూ, బోర్డు మీద పడుతున్న అంకెలూ వేరువేరని వాళ్ళు చెప్పారు. ఒక చర్చిలో తలదాచుకున్నారు. అయినా శాసనసభ మార్కోస్‌కి సుమారు ఒక కోటి 8 లక్షలు, కోరీకి 93 లక్షలు అని లెక్క తేల్చి, ఆయన్నే గెలిపించింది. నామ్‌ఫ్రెల్ లెక్కపెట్టగలిగినంతలో కోరీకి సుమారు 78 లక్షలు, మార్కోస్‌కి 70 లక్షలు.

రెండో లెక్క జనం చెవిన పడకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. మొదటి లెక్కే చరిత్ర అయిపోయేది.

ఫిబ్రవరి 22 శనివారం సాయంత్రం రక్షణమంత్రి ఎన్రిలే, సైన్యంలో రెండో స్థానంలో వున్న జనరల్ రామోస్, మార్కోస్ మీద తిరగబడ్డారు. కొద్దిపాటి సైనికులతో మనీలాలోని సైనిక శిబిరంలో కూర్చున్నారు. తెల్లవారేలోగా వాళ్ళని తుడిచిపెట్టేయవచ్చు. ఆ రాత్రి సుమారు తొమ్మిది గంటలకి కార్డినల్ సిన్ అనే చర్చి పెద్ద రేడియో వెరిటాస్‌లో మాట్లాడారు. శిబిరం దగ్గరికి వెళ్ళండి, వాళ్ళకి అండగా వుండండి, తిండి పట్టుకెళ్ళండి అని కోరారు. జనం ఇళ్ళలోంచి బయల్దేరారు. పిల్లాజెల్లాతో, అన్నం గిన్నెలతో, చెవి దగ్గర ట్రాన్సిస్టర్లతో బయల్దేరారు. శిబిరాల ముందున్న ఎడ్సా అనే పెద్ద రోడ్డు నిండిపోయింది. మర్నాడు టాంకులు వచ్చాయి. వాటి ముందు సన్యాసినులు జపమాలలు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. సైనికుల చేతికి ఆడవాళ్ళు పూలూ, తినుబండారాలూ ఇచ్చారు. టాంకులు ఆగిపోయాయి.

టాంకులు ఎటునుంచి వస్తున్నాయి, ఏ గేటు దగ్గర జనం పలచబడ్డారు, ఎక్కడ మంచినీళ్ళు కావాలి - ఇవన్నీ చెబుతున్నది రేడియోయే. ఆ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. అందుకే 23 తెల్లవారుజామున సాయుధులు వెళ్ళి రేడియో వెరిటాస్ ట్రాన్స్‌మిటరుని పగలగొట్టారు. స్టేషనువాళ్ళు చిన్న ట్రాన్స్‌మిటరుతో ఆ రోజంతా లాక్కొచ్చారు. సాయంత్రానికి అదీ ఆగిపోయింది. గొంతు మూగబోయింది.

అప్పుడు జూన్ కీత్లీ అనే ఆమె ముందుకి వచ్చింది. నటి, రేడియో టీవీల్లో పనిచేసే మనిషి. జేమ్స్ రూటర్ అనే ఫాదర్ సాయంతో ఇంకో స్టేషనుకి చేరింది. అది అధ్యక్ష భవనానికి దగ్గర్లోనే వుంది. ఎక్కడనుంచి మాట్లాడుతున్నదీ చెప్పలేదు. అర్ధరాత్రి వేళ ఒక పాట వేసింది - మాగ్సేసే పేరు మీద కట్టిన ఎన్నికల పాట. ఫిలిప్పీన్స్ ప్రజలు ప్రేమించిన ఆ అధ్యక్షుడు 1957లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పేరుతోనే, మన పోచంపల్లిలో 1951లో భూదానం మొదలుపెట్టిన వినోబా భావేకి 1958లో అవార్డు ఇచ్చారు. ఆ పాట వినగానే జనానికి అర్థమైంది, గొంతు మళ్ళీ లేచిందని. ఆ స్టేషనుకి 'రేడియో బందిదో' అని పేరు పెట్టింది. అంటే బందిపోటు రేడియో! ఇద్దరు కుర్రాళ్ళని సాయం పెట్టుకుని రాత్రంతా మాట్లాడింది. సైనికులు ఆ మేడ కనిపెడితే ఆమె గతి ఏమిటో ఆమెకి తెలియదా? నేనూ మైకు ముందు కూర్చునే మనిషినే. దగ్గు వస్తేనే కంగారు పడతాం. ఆమె సంగతి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. 24 ఉదయం మార్కోస్ దేశం విడిచి పారిపోయాడని ఆమె ప్రకటించింది. శిబిరంలోని నాయకులూ అదే నమ్మారు. జనం ఎగిరి గంతులేశారు. కాసేపటికి మార్కోస్ టీవీలో ప్రత్యక్షమయ్యాడు, నేనిక్కడే వున్నానంటూ! ఆయన మాట్లాడుతుండగానే తిరుగుబాటు సైనికులు ఆ టీవీ స్టేషనుని పట్టుకున్నారు. ప్రసారం మధ్యలో తెగిపోయింది. ఆ తప్పుడు కబురు వల్ల రోడ్డు ఖాళీ అయివుంటే ఎంత ముప్పు వచ్చేది! మంచి ఉద్దేశంతో చెప్పినా తప్పు వార్త తప్పు వార్తే.

మర్నాడు 25న కోరీ అకినో ప్రమాణస్వీకారం చేసింది. అదే రోజు మార్కోస్ కూడా తన భవనంలో ప్రమాణం చేస్తుండగా టీవీ ప్రసారం ఆగిపోయింది. మొదటిరోజున ఆయన అందరి గొంతులూ నొక్కాడు, చివరిరోజున ఆయన గొంతే వినిపించలేదు. ఆ రాత్రి అమెరికా హెలికాప్టర్లలో భవనం విడిచి వెళ్ళాడు. 1989లో హవాయిలో చనిపోయాడు.

ఇదంతా రేడియో ఒక్కటే చేసిందంటే అతిశయోక్తి అవుతుంది. సైన్యం చీలింది, చర్చి కలిసివచ్చింది, ధరలు మండిపోయాయి, అమెరికా చేయి వదిలేసింది. అయితే విడివిడిగా వున్న దారాలన్నిటినీ ఒక తాడుగా పేనింది మాత్రం వార్త. ఆ రాత్రి రేడియో చెబితే జనం ఎందుకు నమ్మారు? రెండున్నరేళ్ళ కిందట అంత్యక్రియలు వినిపించింది ఆ రేడియోయే కాబట్టి. ఓట్ల అంకెలు చదివింది ఆ రేడియోయే కాబట్టి. నమ్మకం అవసరమొచ్చిన రోజున అంగట్లో దొరికేది కాదు. పాలు తోడుపెట్టినట్టు ముందుగానే పెట్టుకోవాలి.

1987 ఫిబ్రవరిలో ప్రజలు ఆమోదించిన కొత్త రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛతోపాటు, ప్రజా వ్యవహారాల సమాచారం తెలుసుకునే హక్కు కూడా రాసుకున్నారు. మనకి సమాచార హక్కు చట్టం 2005లో వచ్చిందని గుర్తు చేసుకోండి.

అక్కడితో కథ కంచికి వెళ్ళలేదు. 2009 నవంబరులో మగిందనావ్ అనేచోట ఒకే రోజున 58 మందిని చంపేశారు. వారిలో 32 మంది పత్రికలు, ప్రసార సంస్థలకి చెందినవారు. 1972లో మూతపడి 1986లో తిరిగి తెరుచుకున్న పెద్ద టీవీ సంస్థ, లైసెన్సు పొడిగించకపోవడంతో 2020 మేలో మళ్ళీ ప్రసారాలు ఆపింది. నిర్భయంగా వార్తలు రాస్తున్నందుకు కేసుల మీద కేసులు ఎదుర్కొన్న మరియా రెస్సా అనే ఆమెకి 2021లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. 2022లో జరిగిన ఎన్నికలో మార్కోస్ కొడుకే అధ్యక్షుడుగా గెలిచాడు. తండ్రి కాలం స్వర్ణయుగమని చెప్పే వీడియోలు, రాతలు ఫోన్లలో అప్పటికి చాలాకాలంగా తిరుగుతున్నాయి. ఆ రోజులు చూడని పిల్లలకి ఏది నిజమో ఎవరు చెబుతారు?

అప్పట్లో వార్త దొరక్క ఇబ్బంది. ఇప్పుడు వార్తలు ఎక్కువై ఇబ్బంది. నోరు నొక్కడం ఒక పద్ధతి, వందమంది చేత ఒకేసారి అరిపించి నిజం వినపడకుండా చేయడం ఇంకో పద్ధతి. ఫలితం ఒక్కటే.

అందుకని మన వంతు పని మనకీ వుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం కదా, వార్తనీ అలాగే పట్టి చూడాలి. ఎవరు చెబుతున్నారు? వాళ్ళకెలా తెలిసింది? తప్పని తేలితే ఒప్పుకుంటారా? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు లేని వార్తని మన ఫోనులోంచి పక్కింటికి పంపించకండి. నిజం చెప్పే పత్రిక ఒకటి మీ ఊళ్ళో వుంటే, దాన్ని అరువు తెచ్చుకోకుండా కొని చదవండి. చెప్పేవాళ్ళు బతకాలంటే వినేవాళ్ళు ఆసరా కావాలి.

ఎడ్సా రోడ్డు మీద ఆ నాలుగు రోజులూ నిలబడ్డవాళ్ళలో మనలాంటి ఆడవాళ్ళు ఎందరో వున్నారు. వాళ్ళు అన్నం వండి పట్టుకెళ్ళారు. వంట తప్పలేదు. కాని తలుపు తీసుకుని బయటికి వచ్చారు. ఆ తలుపు తట్టింది ఒక చిన్న ట్రాన్సిస్టరు.